లింకులోంచి వార్తను వేరు చేసే ట్రాఫిలాటురా: ఏ ఆప్షన్ పెడితే ఏం మిగులుతుంది, ఏం పోతుంది?

వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ వస్తుంది. మైనారిటీ విద్యార్థులకు స్కాలర్‌షిప్, దరఖాస్తులు మొదలయ్యాయి, అందరికీ పంపండి అని. కింద నాలుగు పేరాల సమాచారం. ఎవరో సైటులో చూసి, యాడ్స్ అన్నీ తీసేసి, చదవడానికి వీలుగా కాపీ చేసి పెట్టారు. మంచి ఉద్దేశంతోనే చేశారు. ఇంట్లో అమ్మీ చూసి కొడుక్కి చెబుతుంది. వాడు ఆదాయ సర్టిఫికెట్ కోసం రెండు రోజులు తిరుగుతాడు. తీరా చూస్తే అది కిందటి ఏడాది నోటిఫికేషన్! కాపీ చేసినప్పుడే తేదీ పోయింది, లింకు పోయింది. ఎవరికి ఎంత ఇస్తారో చెప్పే పట్టిక కూడా పోయింది.

వెబ్ పేజీని శుభ్రం చేసి వార్త ఒక్కటే చదువుకోవాలనుకోవడం తప్పు కాదు. యాడ్లు, పాపప్‌లు, 'ఇవి కూడా చదవండి' లింకుల మధ్య అసలు విషయం వెతకడం కళ్లకూ కష్టమే, డేటాకూ నష్టమే. కానీ శుభ్రం చేయడమంటే ఏది చెత్త, ఏది సరుకు అని ఎవరో నిర్ణయించడమే. ఆ నిర్ణయాన్ని సాఫ్ట్‌వేర్‌కు వదిలేస్తే, అది తన లెక్క ప్రకారం తీసేస్తుంది. ఏం తీయాలో, ఏం ఉంచాలో మనమే చెప్పుకునే వీలు కమాండ్ లైన్ ఆప్షన్లలో ఉంది. ఈ పని చేసే ఉచిత సాధనాల్లో బాగా వాడుకలో ఉన్న ట్రాఫిలాటురాను ఉదాహరణగా తీసుకుని ఆ ఆప్షన్లేమిటో చూద్దాం.

అసలు వార్త ఏదో దానికెలా తెలుస్తుంది?

ఈ ఆలోచన అందరికీ పరిచయమైంది 2009లో. ఆర్క్90 అనే అమెరికన్ సంస్థ 'రీడబిలిటీ' పేరుతో ఒక చిన్న ప్రోగ్రాం విడుదల చేసింది. బ్రౌజర్‌లో ఒక్క నొక్కు నొక్కితే పేజీలోని గందరగోళమంతా పోయి వ్యాసం మాత్రమే మిగిలేది. 2010లో యాపిల్ తన సఫారీ బ్రౌజర్‌లో ఇలాంటి రీడర్‌నే పెట్టింది. ఫైర్‌ఫాక్స్‌లో కనిపించే 'రీడర్ వ్యూ' కూడా ఆ రీడబిలిటీ కోడు నుంచి పెరిగిందే.

దాని లెక్క వింటే ఆశ్చర్యంగా ఉంటుంది. అది వార్తను అర్థం చేసుకోదు, మార్కులు వేస్తుంది. పేరా పొడవుగా ఉంటే మార్కులు. పేరాలో కామాలుంటే ఒక్కో కామాకు ఒక మార్కు. పేజీ కోడులో ఆ భాగానికి 'ఆర్టికల్', 'కంటెంట్' లాంటి పేరుంటే 25 మార్కులు కలుపుతుంది. 'కామెంట్', 'ఫుటర్', 'సైడ్‌బార్' లాంటి పేరుంటే 25 తీసేస్తుంది. లింకులు ఎక్కువగా ఉన్న ముక్కకు మార్కులు తగ్గిస్తుంది, ఎందుకంటే మెనూల్లో, యాడ్లలో ఉండేవి లింకులే కదా. చివరకు ఎక్కువ మార్కులు వచ్చిన భాగమే వ్యాసం.

ఉర్దూ చదివేవారికి ఇందులో ఒక ఆసక్తికరమైన విషయం ఉంది. ఉర్దూ కామా, ఇంగ్లీషు కామా ఒకటి కావు. ఉర్దూది తలకిందులుగా ఉంటుంది, కంప్యూటర్ దృష్టిలో అది వేరే అక్షరం. మొదట్లో ఈ లెక్క ఇంగ్లీషు కామాను మాత్రమే గుర్తించేది. అంటే ఉర్దూ వ్యాసానికి కామాల మార్కులు వచ్చేవి కావు. తర్వాత మొజిల్లా కోడులో అరబీ, ఉర్దూ, సింధీ, చైనీస్ వంటి రాతల కామాలను కూడా చేర్చారు. సాధనం ఎవరి భాషను దృష్టిలో పెట్టుకుని పుట్టిందో, దాని లెక్కలు కూడా అలాగే మొదలవుతాయన్నమాట.

ట్రాఫిలాటురా ఎవరి కోసం పుట్టింది?

ట్రాఫిలాటురా అంటే ఇటాలియన్‌లో లోహపు కడ్డీని రంధ్రంలోంచి లాగి తీగగా సాగదీయడం. పాస్తాకు ఆకారం ఇచ్చే పద్ధతిని కూడా ఆ మాటతోనే చెబుతారు. మన ఇళ్లలో పిండిని సేవల గిద్దెలో వేసి నొక్కినట్టు అనుకోవచ్చు. ఈ సాధనాన్ని తయారుచేసింది జర్మనీలో పనిచేసే భాషా పరిశోధకుడు ఆడ్రియన్ బార్బరేసి. వెబ్‌లో ఉన్న పాఠాన్ని పెద్ద ఎత్తున సేకరించి, భాషను అధ్యయనం చేయడానికి పుట్టిన పరికరం ఇది.

ఈ పుట్టుకను గుర్తుపెట్టుకోవాలి. భాషా పరిశోధకుడికి వాక్యాలు ముఖ్యం. అంకెల పట్టిక అతనికి అడ్డు. ఒక కుటుంబానికి అలా కాదు. ఆదాయ పరిమితి, ఫీజు, చివరి తేదీ ఉండేది ఆ పట్టికలోనే. అందుకే ఇంకెవరో రాసిపెట్టిన కమాండ్‌ను ఉన్నదున్నట్టు వాడేస్తే, వారికి చెత్త అనిపించింది మనకూ చెత్త అయిపోతుంది.

ఎక్కించుకోవడం, మొదటి కమాండ్

దీనికి కంప్యూటర్‌లో పైథాన్ ఉండాలి, 3.8 లేదా ఆ తర్వాతి వెర్షన్. విండోస్‌లో పైథాన్ ఎక్కించేటప్పుడు మొదటి తెరపై కింద కనిపించే 'పాత్' గడిలో టిక్ పెట్టడం మరచిపోవద్దు. తర్వాత కమాండ్ ప్రాంప్ట్ తెరిచి 'పిప్ ఇన్‌స్టాల్ ట్రాఫిలాటురా' అని కొడితే చాలు. ఇక్కడ తెలుగులో రాసినవన్నీ కంప్యూటర్‌లో ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. పేరు స్పెల్లింగ్ ఇది: టీ-ఆర్-ఏ-ఎఫ్-ఐ-ఎల్-ఏ-టీ-యూ-ఆర్-ఏ.

ఆప్షన్లు రెండు రకాలుగా ఉంటాయి. ఒక్క అక్షరం ఆప్షన్‌కు ముందు ఒక గీత. పూర్తి మాట ఆప్షన్‌కు ముందు రెండు గీతలు, మధ్యలో ఖాళీ వదలకూడదు.

మొదటి కమాండ్: ట్రాఫిలాటురా -యూ "లింకు"

ఇక్కడ 'యూ' అంటే యూఆర్ఎల్. లింకును కోట్స్‌లో పెట్టడం అలవాటు చేసుకోవాలి. చాలా లింకుల్లో '&' గుర్తు ఉంటుంది. కోట్స్ లేకపోతే కమాండ్ అక్కడితో అయిపోయిందనుకుని కంప్యూటర్ లింకును సగానికి కోసేస్తుంది.

ఎంటర్ కొట్టగానే వార్త తెరపై వస్తుంది. ఫైలులో దాచుకోవాలంటే చివర > గుర్తు పెట్టి ఫైలు పేరు రాయాలి. జాగ్రత్త, ఆ పేరుతో పాత ఫైలు ఉంటే దాన్ని చెరిపేసి రాస్తుంది. పాతదాని కిందే చేర్చాలంటే >> అని రెండు గుర్తులు పెట్టాలి. విండోస్‌లో ఇలా పంపినప్పుడు తెలుగు, ఉర్దూ అక్షరాలు ప్రశ్నార్థకాలుగా మారితే, > బదులు '-ఓ' ఆప్షన్ ఇచ్చి ఒక ఫోల్డర్ పేరు రాయాలి. సాధనమే యూనికోడ్‌లో సరిగ్గా దాస్తుంది.

తేదీ పోకుండా ఉండాలంటే

పైన ఇచ్చిన మొదటి కమాండ్ పాఠాన్ని మాత్రమే ఇస్తుంది. అంటే వాట్సాప్ మెసేజ్‌లో జరిగినదే ఇక్కడా జరుగుతుంది, తేదీ రాదు. అందుకే కుటుంబాలు మొట్టమొదట నేర్చుకోవలసిన ఆప్షన్ '--విత్-మెటాడేటా'. రెండు మాటలకూ మధ్య గీతే, ఖాళీ లేదు. ఇది పెడితే వార్త పైన శీర్షిక, రాసినవారి పేరు, లింకు, సైటు పేరు, తేదీ వంటివి దొరికినంతవరకు వరుసగా వస్తాయి. తేదీ 2024-06-15 పద్ధతిలో ఉంటుంది: ముందు సంవత్సరం, తర్వాత నెల, చివర రోజు.

ఇంకాస్త గట్టిది '--ఓన్లీ-విత్-మెటాడేటా'. శీర్షిక, లింకు, తేదీ మూడూ దొరికిన పేజీలనే ఇది బయటకు ఇస్తుంది. ఏ ఒక్కటి దొరక్కపోయినా ఆ పేజీని వదిలేస్తుంది. గ్రూపు అడ్మిన్లు, మొహల్లాలో పిల్లలకు నోటిఫికేషన్లు చేరవేసేవారు దీన్ని వాడితే ఊరూపేరూ లేని సమాచారం చాలావరకు వారి దగ్గరే ఆగిపోతుంది.

అయినా ఒక మాట. ఆ తేదీ కూడా సాధనం వెతికి తీసిందే. పేజీలో ప్రచురించిన రోజు, మార్చిన రోజు రెండూ ఉంటే పొరపడవచ్చు. దరఖాస్తు లాంటి విషయమైతే లింకు తెరిచి ఒకసారి కళ్లతో చూసుకోవాల్సిందే.

ఉంచాలా, తీయాలా?

చెప్పకపోయినా ఈ సాధనం రెండింటిని ఉంచుతుంది: పట్టికలు, పాఠకుల కామెంట్లు. వద్దనుకుంటేనే ఆప్షన్ ఇవ్వాలి.

'--నో-కామెంట్స్' పెడితే వార్త కింద జనం రాసిన వ్యాఖ్యలు పోతాయి. ఇది చాలామందికి పనికొచ్చేదే. వార్తకూ, దాని కింద ఎవరో కోపంగా రాసిన మాటకూ తేడా తెలియకుండా కలిసిపోయి ఫార్వర్డ్ అయితే వచ్చే గొడవలు అందరికీ తెలిసినవే. ఇంట్లో పిల్లలు చదివే వ్యాసాలకైతే దీన్ని తప్పక పెట్టుకోవడం మంచిది.

'--నో-టేబుల్స్' పెడితే పట్టికలు పోతాయి. దీన్ని నోటిఫికేషన్లకు అస్సలు పెట్టవద్దు. పట్టిక ఉంచితే మామూలు పాఠంలో గడుల మధ్య నిలువు గీతలతో వస్తుంది. చూడ్డానికి అంత బాగోదు. కానీ ఏ కోర్సుకు ఎంత, ఎవరికి ఎంత అన్న లెక్క మిగులుతుంది.

అడిగితేనే వచ్చేవి మూడున్నాయి. '--లింక్స్' పెడితే వార్తలోని లింకులు ఉంటాయి. దరఖాస్తు చేసుకునే వెబ్‌సైటు చిరునామా వార్త మధ్యలో 'ఇక్కడ నొక్కండి' అనే మాట వెనుక ఉందనుకోండి, ఈ ఆప్షన్ లేకపోతే ఆ మాట మిగులుతుంది, చిరునామా పోతుంది! '--ఫార్మాటింగ్' పెడితే బోల్డ్, ఇటాలిక్ అక్షరాల గుర్తులు ఉంటాయి. '--ఇమేజెస్' పెడితే బొమ్మలు ఎక్కడున్నాయో వాటి చిరునామాలు వస్తాయి, బొమ్మలు మాత్రం రావు.

తక్కువ చెత్తా, ఎక్కువ పాఠమా?

అన్నింటికంటే ఆలోచించి పెట్టాల్సిన జంట ఇది.

'--ప్రిసిషన్' అంటే అనుమానం ఉన్న ప్రతి ముక్కనూ తీసేయమని చెప్పడం. పేజీ శుభ్రంగా వస్తుంది, కానీ అసలు వార్తలోని ఒకటో రెండో పేరాలు కూడా కొట్టుకుపోవచ్చు. '--రీకాల్' అంటే అనుమానం ఉన్నా ఉంచేయమనడం. వార్త అంతా వస్తుంది, దాంతోపాటు కొంత చెత్త కూడా రావచ్చు.

బియ్యం చెరగడంతో పోల్చుకోవచ్చు. గట్టిగా చెరిగితే ఊకతో పాటు నాలుగు గింజలూ ఎగిరిపోతాయి. మెల్లగా చెరిగితే గింజలన్నీ ఉంటాయి, కొంత ఊకా ఉంటుంది. నానీమా కోసం ఒక కథో, వంట వ్యాసమో ప్రింటు తీసిస్తున్నారా? ప్రిసిషన్ పెట్టుకోవచ్చు. పరీక్ష ఫీజు నోటీసు, ఆసుపత్రి సూచనలు, హజ్ ప్రయాణ సూచనలు లాంటివా? రీకాల్ పెట్టాలి. చెత్తను కళ్లతో దాటేయవచ్చు. పోయిన పేరా పోయిందని కూడా తెలియదు.

'--ఫాస్ట్' అనే ఆప్షన్ కూడా ఉంది. మామూలుగా తన పద్ధతిలో పాఠం సరిగా దొరక్కపోతే ట్రాఫిలాటురా మరో రెండు పద్ధతులతోనూ ప్రయత్నిస్తుంది. అందులో ఒకటి పైన చెప్పిన రీడబిలిటీ లెక్కే. ఫాస్ట్ పెడితే ఆ రెండో ప్రయత్నం మానేస్తుంది. వేల పేజీలు తీసేవారికి సమయం కలిసొస్తుంది. పది పేజీలు తీసుకునే ఇంటికి దీనితో పని లేదు.

చిన్న నోటీసుల విషయంలో ఇంకో జాగ్రత్త. ఈ సాధనాలన్నీ పొడవాటి వ్యాసాలకు అలవాటుపడినవి. ట్రాఫిలాటురా సెట్టింగుల్లో 250 అక్షరాల కంటే తక్కువ దొరికితే చాలలేదని అనుకుని మరోచోట వెతుకుతుంది. మొజిల్లా రీడబిలిటీలో ఆ గీత 500 అక్షరాల దగ్గరుంది. అంటే నాలుగు వాక్యాల ప్రకటన ఉన్న పేజీలో, ప్రకటనకు బదులు దాని పక్కనున్న పెద్ద పేరా చేతికి వచ్చే అవకాశం ఉంది. చిన్న ప్రకటనలను చేత్తో కాపీ చేసుకోవడమే నయం.

చాలా లింకులు ఒకేసారి

ఇంటర్ చదివే అమ్మాయి పోటీ పరీక్షల కోసం 30 వ్యాసాలు దాచుకుందనుకుందాం. ఒక్కొక్కటీ కొట్టక్కర్లేదు. నోట్‌ప్యాడ్‌లో లైనుకు ఒక లింకు చొప్పున రాసి, '-ఐ' ఆప్షన్‌తో ఆ ఫైలు పేరు, '-ఓ' ఆప్షన్‌తో ఫోల్డర్ పేరు ఇస్తే అన్నీ వరుసగా దిగుతాయి. తర్వాత ఇంటర్నెట్ లేకపోయినా చదువుకోవచ్చు. ఫైలు పేర్లు మాత్రం అర్థంలేని అక్షరాలూ అంకెలుగా ఉంటాయి. అందుకే ఇక్కడ కూడా మెటాడేటా ఆప్షన్ తప్పనిసరి. లేకపోతే నెల తర్వాత ఏ వ్యాసం ఎక్కడిదో ఆమెకే తెలియదు.

ఏ రూపంలో కావాలో '--మార్క్‌డౌన్', '--జేసన్', '--సీఎస్‌వీ', '--ఎక్స్ఎంఎల్' ఆప్షన్లతో చెప్పవచ్చు. ఏమీ చెప్పకపోతే మామూలు పాఠం వస్తుంది. ఇంట్లో చదువుకోవడానికి మామూలు పాఠం గానీ మార్క్‌డౌన్ గానీ చాలు. మిగిలినవి ప్రోగ్రాములు రాసేవారికి.

ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు కలిసిన లింకుల జాబితా ఉంటే '--టార్గెట్-లాంగ్వేజ్' ఉపయోగపడుతుంది. దాని తర్వాత భాషకు రెండక్షరాల కోడ్ ఇవ్వాలి. తెలుగుకు టీ-ఈ, ఉర్దూకు యూ-ఆర్. ఆ భాష కాని పేజీలను వదిలేస్తుంది. భాషను గుర్తుపట్టే అదనపు ప్యాకేజీ కూడా ఉంటేనే ఇది పనిచేస్తుంది.

'--ఆర్కైవ్డ్' ఇంకోటి. పేజీ తెరుచుకోకపోతే, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దాని పాత ప్రతి ఉందేమో వెతుకుతుంది. పాత వార్తను ఎవరో తిప్పుతున్నప్పుడు అసలు అందులో ఏముండేదో చూడటానికి ఇది పనికొస్తుంది.

ఒక సైటులోని వ్యాసాలన్నీ లాగేసే '--సైట్‌మ్యాప్', '--క్రాల్' లాంటి ఆప్షన్లూ ఉన్నాయి. ఇవి అవతలి సర్వర్‌పై భారం వేస్తాయి. ఇంటి అవసరానికి అక్కర్లేదు. దిగినవాటిని సొంతంగా చదువుకోవడం వేరు, వేరేవారి రాతను మన పేరుతో సైటులో పెట్టుకోవడం వేరు. రెండోదానికి రాసినవారి అనుమతి కావాలి.

ఎక్కడ పనిచేయదు?

కొన్నిచోట్ల ఏ ఆప్షన్ పెట్టినా ఫలితం ఉండదు.

చాలా ఉర్దూ పత్రికలు పేజీని బొమ్మగా పెడతాయి. కంటికి నస్తాలీక్ అక్షరాలు అందంగా కనిపిస్తాయి, సాధనానికి మాత్రం అక్కడ ఒక ఫొటో మాత్రమే ఉంది. అలాంటివాటికి బొమ్మలోంచి అక్షరాలు చదివే టెస్సరాక్ట్ లాంటి వేరే సాధనం కావాలి. దానికి ఉర్దూ, తెలుగు రెండూ వచ్చు. అయితే నస్తాలీక్‌లో తప్పులు వస్తాయి కాబట్టి పక్కన పెద్దవాళ్లను కూర్చోబెట్టుకుని సరిచూసుకోవాలి.

యూనికోడ్ రాకముందు తెలుగు సైట్లు సొంత ఫాంట్లు వాడేవి. ఆ పాత పేజీల్లోంచి తీస్తే అర్థంకాని ఇంగ్లీషు అక్షరాల గుంపు వస్తుంది. ప్రభుత్వ నోటిఫికేషన్లు ఎక్కువగా పీడీఎఫ్‌లో ఉంటాయి, అవీ దీనికి లొంగవు. లాగిన్ అయితేనే తెరుచుకునే పేజీలు, నొక్కితే తప్ప విషయం బయటపడని పేజీలు కూడా అంతే. వీటిలో కొన్నింటిని బ్రౌజర్‌లో సేవ్ చేసి, ట్రాఫిలాటురా అని కొట్టి < గుర్తు తర్వాత ఆ ఫైలు పేరు రాస్తే పని జరగవచ్చు.

ఉర్దూ వ్యాసం తీసినప్పుడు నల్ల తెరపై అక్షరాలు విడిపోయి, వెనక్కి తిరిగి కనిపిస్తే కంగారుపడొద్దు. పాఠం పాడవలేదు, ఆ తెరకు కుడి నుంచి ఎడమకు రాయడం రాదు, అంతే. ఫైలును నోట్‌ప్యాడ్‌లోనో బ్రౌజర్‌లోనో తెరిస్తే సరిగ్గా ఉంటుంది.

కంప్యూటర్ లేనివారు ఫోనులోని ఫైర్‌ఫాక్స్‌లో రీడర్ వ్యూ గుర్తు నొక్కితే చదవడం వరకు సరిపోతుంది. ఆప్షన్ల పేర్లు వెర్షన్‌ను బట్టి మారుతుంటాయి. పాత వెర్షన్లలో 'నోకామెంట్స్' అని కలిపి రాసినదే ఇప్పుడు మధ్యలో గీతతో ఉంది. అందుకే ఏదైనా పనిచేయకపోతే 'ట్రాఫిలాటురా -హెచ్' అని కొట్టి జాబితా చూసుకోవాలి.

ఇంటికి ఒక్క కమాండ్ చాలు

ఇన్ని ఆప్షన్లు గుర్తుపెట్టుకోలేమనుకునేవారు ఈ ఒక్క వరుసను కాగితంపై రాసి పెట్టుకోవచ్చు:

ట్రాఫిలాటురా -యూ "లింకు" --విత్-మెటాడేటా --లింక్స్ --రీకాల్ --నో-కామెంట్స్

ఇందులో తేదీ ఉంటుంది, ఎక్కడిదో ఉంటుంది, దరఖాస్తు లింకు ఉంటుంది, పట్టిక ఉంటుంది. పోయేది జనం వ్యాఖ్యలు, యాడ్లు. ఇలా తీసినదాన్ని గ్రూపులో పెట్టేటప్పుడు పైనున్న ఆ నాలుగైదు లైన్లను 'ఇవెందుకులే' అని చెరిపేయకండి. కింద ఉన్న వార్తను నమ్మాలో వద్దో పిల్లాడు తేల్చుకునేది ఆ లైన్లను చూసే. సర్టిఫికెట్ కోసం ఆఫీసుల చుట్టూ తిరగాలో వద్దో కూడా అక్కడే తెలుస్తుంది.